మంచుసీమలో ఇంటికప్పు: కాశ్మీర లోయ అనుభవం

మన దేశ గృహనిర్మాణ చరిత్రను రచించినవారు గోడలను గురించి, స్తంభాలను గురించి, ద్వారబంధాల మీది చెక్కడాలను గురించి ఎంతో వ్రాశారు. ఇంటికప్పును గురించి వ్రాసినది మాత్రం తక్కువ. ఎండా వానా తప్ప ఆకాశం నుండి మరేదీ దిగిరాని ప్రాంతాలవారికి కప్పు ఒక సామాన్య విషయంగా తోచడం సహజమే. వాన కప్పుమీద పడుతుంది, జారుతుంది, చూరునుండి నేలకు చేరుతుంది. అంతటితో దాని పని ముగుస్తుంది. కాని ఆకాశం నుండి దిగివచ్చినది వారాల తరబడి కప్పుమీదనే కూర్చుండిపోయే హిమాలయ ప్రాంతాలలో ఇంటికి ఆయువుపట్టు కప్పే. అక్కడి జనుల చరిత్రను వారి ఇంటికప్పుల మీదుగా చదవవచ్చునని నాకు మొదటిసారి తోచినది ఒక పుస్తకం చదివినప్పుడు కాదు. పడకమీద నీటిచుక్క పడినప్పుడు.

2021 జనవరి మొదటి వారంలో కాశ్మీర లోయలో భారీగా మంచు కురిసింది. అది కరగకముందే చలి ముదిరి, 14వ తేదీన శ్రీనగర్‌లో ఉష్ణోగ్రత మైనస్ 8.4 డిగ్రీలకు దిగజారింది. సరిగ్గా ఆ రోజులలోనే ఉద్యోగవిధి నిమిత్తం నేను ఆ నగరంలో ఉండవలసి వచ్చింది. నాకు బస ఇచ్చిన అతిథిగృహం రేకుల కప్పు గల రెండంతస్తుల భవనం. దాని చూరు పొడవునా మర్రి ఊడలవలె మంచుకడ్డీలు వ్రేలాడుతూ ఉన్నాయి. కాశ్మీరీలు వీటిని 'శిశర్‌గాంఠ్' అంటారు. ఆ మాటలోని శిశిరం మన శిశిరమేనని తెలుసుకొని చరిత్ర విద్యార్థిగా సంతోషించాను. ఆ సంతోషం రెండవ రాత్రి వరకే నిలిచింది. నడిరేయి దాటిన తరువాత కిటికీ పైభాగాన గోడ తడిసి, నీరు ధారకట్టి, తలగడ మీద చుక్కలుగా పడసాగింది. బయట వాన లేదు. కొత్తగా మంచు పడుట లేదు. నీరన్నది గడ్డకట్టక నిలువలేని చలి. మరి ఈ నీరు ఎక్కడిది?

తెల్లవారిన తరువాత అక్కడి కాపలా పెద్దమనిషిని పిలిచి, కప్పుకు చిల్లు పడినట్లున్నదని చెప్పాను. ఆయన పైకి చూడనైనా లేదు. గది మధ్యనున్న ఇనుప బుఖారీ వైపు చూపి, "చిల్లు లేదు సాబ్. ఈ నీరు దీనివల్ల వచ్చింది" అన్నాడు.

ఆయన మాటలోని శాస్త్రం తరువాత బోధపడింది. గదిలో బుఖారీ మండుతుంటే వేడిగాలి లోకప్పు సందులగుండా అటకలోకి చేరుతుంది. అటకనుండి ఆ వేడి రేకులకు తగిలి, రేకుమీది మంచు అడుగుభాగాన కరగడం మొదలవుతుంది. పైనున్న మంచు కంబళివలె బయటి చలిని అడ్డుకొనడం వలన, కరిగిన నీరు మంచు కిందుగా, కంటికి కనబడకుండా, చూరు వైపు జారుతుంది. చూరు గోడ దాటి బయటకు పొడుచుకొని ఉంటుంది. దాని కింద వెచ్చని గది లేదు. అక్కడికి చేరిన నీరు చలికి గడ్డకడుతుంది. మరునాడు వచ్చిన నీరు ఆ గడ్డమీద మరొక పొరగా పేరుకుంటుంది. ఈ విధంగా నాలుగైదు రోజులలో చూరు అంచున జానెడెత్తు మంచుకట్ట లేస్తుంది. దాని వెనుక కరిగిన నీరు నిలుస్తుంది. తూమూ లేదు, అలుగూ లేదు. చెరువు మాత్రం ఉన్నది! రేకులను ఒకదానిపై ఒకటి అతికించునది పైనుండి కిందికి పారే నీటికోసమే కాని, నిలిచి వెనుకకు ఎక్కే నీటికోసం కాదు. అందుచేత ఆ నీరు అతుకుల సందులలో దూరి, లోకప్పు తడిపి, గోడ పట్టుకొని దిగుతుంది. మంచుకడ్డీలు ఈ జబ్బుకు బయటకు కనబడే గుర్తులు మాత్రమే. వాటిని చూచి నేను ఆనందించిన సంగతి ఆ పెద్దమనిషికి చెప్పలేదు.

శతాబ్దాలుగా మంచుతో కాపురం చేస్తున్న జాతికి ఈ చిక్కు ముందునుండీ ఉన్నదా? ఉంటే వారు దానికేమి చేశారు? ఈ ప్రశ్నే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది.

లోయలో శీతకాలం గడపడమే ఒకప్పుడు సాహసమని నీలమత పురాణం చెప్పే కథవలన తెలుస్తున్నది. ఆ కథ ప్రకారం మానవులు ఆరు నెలలే కాశ్మీరంలో ఉండేవారు. మంచు కురిసే ఆరు నెలలు లోయను పిశాచాలకు విడిచి వెళ్లిపోయేవారు. వెళ్లలేక మిగిలిపోయిన చంద్రదేవుడనే వృద్ధ బ్రాహ్మణుడు నాగరాజైన నీలుని మెప్పించి వరం పొందిన తరువాతనే జనులు ఏడాది పొడవునా అక్కడ నివసించసాగారు. అదే పురాణం తొలి మంచు కురిసిన రోజును పండుగగా జరుపుకొనవలెనని కూడా విధించింది. పిశాచాల మాట ఎట్లున్నా, మంచుకు జడిసి వలసపోయిన జనం మంచును పండుగ చేసుకొనే స్థితికి వచ్చారంటే నడుమ ఏదో ఒక నాడు మంచిదైన ఇంటికప్పు ఏర్పడి ఉండాలి. (ప్రభుత్వోద్యోగులకు మాత్రం ఈ పాతకథ ఇటీవలిదే. 1872లో మహారాజా రణబీర్ సింగ్ కాలంలో మొదలైన దర్బారు తరలింపు వలన కచేరీలు చలికాలానికి జమ్మూకు దిగేవి. ఆ ఆచారం 2021లో నిలిచిపోయి, 2025లో మరల మొదలయింది.)

ఆ కప్పు ఎట్టిదో ఆనవాలు పట్టడానికి ప్రాచీన గృహాలు మిగలలేదు. కొయ్య ఇళ్లు కాలిపోయాయి. అయితే రాతి ఆలయాలు కొంత సాక్ష్యం చెబుతున్నాయి. శ్రీనగర్ సమీపాన పాంద్రేథాన్ లోని చిన్న ఆలయం కప్పు నాలుగు వైపులకు వాలుగా, ఒకదానిపై ఒకటిగా రెండంచెలలో లేచి ఉంటుంది. రాతికి ఆ రూపం అవసరం లేదు. కొయ్యవాసాలతో, వాలు పలకలతో కట్టిన కప్పును శిల్పి రాతిలో అనుకరించాడని పండితులు భావిస్తారు. దక్షిణాన మన విమానాల మీది చూరుకపోతాలు గడ్డికప్పు చూరును జ్ఞాపకం చేస్తున్నట్లే ఇదీ. ఆ పైన సుల్తానుల కాలంలో మసీదులకు, ఖాన్‌ఖాలకు ఇదే అంచెల కప్పు సంక్రమించింది. ఝీలం ఒడ్డునున్న షా హమదాన్ ఖాన్‌ఖా, సుల్తాన్ సికందర్ కట్టించిన జామా మసీదు అదే వంశానికి చెందినవి. మతాలు మారినా మంచు మారలేదు; కప్పు వాలూ మారలేదు.

ఈ కప్పుల నిర్మాణం గమనింపదగినది. వాసాలపై పలకలు పరచి, వాటిమీద భూర్జవృక్షపు పట్టను పొరలు పొరలుగా పరిచేవారు. ఆ పట్టమీద మట్టి కప్పేవారు. భూర్జం హిమాలయాలలో చెట్లు పెరిగే చివరి ఎత్తులలో ఉంటుంది. దాని పట్ట కాగితంవలె పలుచగా ఊడివస్తుంది, నీటిని లోనికి ఇంకనీయదు, త్వరగా కుళ్లదు. ఆ గుణాలవల్లనే అది గ్రంథరచనకు కూడా పనికి వచ్చింది. 1881లో దొరికిన బక్షాలీ గణితగ్రంథం, 1931లో గిల్గిత్ వద్ద బయటపడిన బౌద్ధగ్రంథాలు, అథర్వవేద పైప్పలాద శాఖకు చెందిన కాశ్మీర ప్రతి భూర్జపత్రాల మీదివే. మన తీరాంధ్రంలో తాటాకు ఇంటికప్పు అయినది, తాటాకే కావ్యాలకు ఆధారమయింది. కాశ్మీరంలో ఆ రెండు పనులూ భూర్జపత్రం చేసింది. పండితుని తలపైనా చేతిలోనా ఉన్నది ఒకటే వస్తువన్నమాట.

మట్టి కప్పుమీద గడ్డి మొలిచేది. ఆ గడ్డివేళ్లు మట్టిని పట్టి ఉంచేవి. అబుల్ ఫజల్ అయీనె అక్బరీలో కాశ్మీర గృహాల కప్పులమీద ట్యులిప్ పూలు పెంచుతారనీ, వసంతంలో అవి కనులపండువుగా ఉంటాయనీ వ్రాశాడు. 1620 వసంతంలో అక్కడికి వెళ్లిన జహంగీరు కూడా తన స్వీయచరిత్రలో ఈ పూలకప్పులను ప్రస్తావించాడు. ఆ పూలు అలంకారం కోసమే అనుకొని మన గ్రంథకర్తలు ఆ వాక్యాన్ని ఉటంకించి వదిలివేశారు. నా దృష్టిలో ఆ పూలకంటె వాటి కిందనున్న మట్టి ముఖ్యమైనది. మందమైన మట్టిపొర ఇంటిలోని వేడిని మంచుకు అందనీయదు. మంచు కిందనుండి కరగదు; ఎండ తగిలినప్పుడు పైనుండి కొద్దికొద్దిగా కరుగుతుంది, మట్టి దానిని పీల్చి మెల్లగా విడుస్తుంది. చూరున గడ్డకట్టినా, వెనుక నిలిచే నీటికి ఎదురుగా పొరమీద పొరగా భూర్జపట్ట ఉన్నది.

ఇది పట్టణాలలోను, పెద్ద కట్టడాలలోను ఉన్న పద్ధతి. పల్లెలలో పద్ధతి వేరు. నాకు మరింత ఆశ్చర్యం కలిగించినది అదే. లోయలో భూమిశిస్తు బందోబస్తు జరిపిన వాల్టర్ లారెన్స్ 1895లో ప్రకటించిన గ్రంథంలో పల్లె ఇళ్లను వర్ణించాడు. మంచు జారిపోయేటంత వాలుగా కప్పు ఉంటుందని, వరిగడ్డితో గాని, సరస్సుల దగ్గర రెల్లుతో గాని, అడవుల దగ్గర చెక్కపలకలతో గాని నేస్తారని చెప్పి, ఒక చిన్న విషయం చేర్చాడు. కప్పు కింది అటకలో కట్టెలు, గడ్డి దాస్తారనీ, వాటిని ఎక్కించడానికి దించడానికి వీలుగా అటక రెండు చివరలను మూయకుండా వదులుతారనీ అన్నాడు. బందోబస్తు అధికారికి అది సామాను ఎక్కించే సౌకర్యంగా కనబడింది. ఈనాడు మంచుకట్టలను అరికట్టే విధానమేమిటని ఏ ఇంజనీరును అడిగినా మొదట చెప్పేది అదే: అటకలో చల్లగాలి ఆడనివ్వండి, కప్పు లోపలి ముఖం బయటి చలితో సమానంగా ఉంటే మంచు కరగదు, కరగకపోతే కట్ట కట్టదు. పైగా అటకలో దాచిన గడ్డి గది వేడి పైకి రాకుండా పరుపువలె అడ్డుపడేది. కాశ్మీరీలో ఈ అటకకు 'బ్రారి కనీ' అని పేరు. పిల్లుల అంతస్తు అని అర్థం. పిల్లి తిరుగాడేంత సందు ఉన్నచోట గాలి తిరుగాడదా?

ఇంకొక సంగతి. ఆ ఇళ్లలో గదిని వెచ్చచేసే అలవాటు తక్కువ. మనిషినే వెచ్చచేసుకొనేవారు. పొడవాటి ఫిరన్ తొడిగి, దాని లోపల అల్లికబుట్టలో ఇమిడిన నిప్పుల కుండను, అనగా కాంగిడీని, పట్టుకొని తిరిగేవారు. ధనికుల ఇళ్లలోను, మసీదులలోను రాతినేల కింద కట్టెలు మండించే హమాములు ఉండేవి. అవి కూడా నేలనంటి ఉండే ఒక గదికే పరిమితం. చల్లని ఇంటిపైన మంచు చల్లగానే పడి ఉంటుంది. కనుక చూరుమీది మంచుకట్ట ప్రకృతి సృష్టి కాదు. వెచ్చని గదీ, మూసిన అటకా, పలుచని కప్పూ ఒకచోట చేరినప్పుడు మనిషి చేతులతో పుట్టినది. ఈ మూడూ లోయలోకి ఒకేసారి రాలేదు.

మొదట వచ్చినది పలుచని కప్పు. ముడతల ఇనుపరేకుకు ఇంగ్లండులో 1829లో పేటెంటు లభించింది. తుప్పు పట్టకుండా దానికి జింకుపూత పూయడం 1837 తరువాత వ్యాప్తిలోకి వచ్చింది. సిమ్లా వంటి కొండ పట్టణాలలో ఆంగ్లేయుల బంగళాలకు ఈ రేకులు విరివిగా వాడారు. కాశ్మీరానికి బండ్లు పోయే దారి లేనంత కాలం రేకులు మోసుకొని రావడం కష్టమే. ఝీలం లోయ బండిబాట 1890 ప్రాంతంలో బారాముల్లా వరకు, ఆ దశాబ్ది చివరికి శ్రీనగర్ వరకు వచ్చిన తరువాత రావల్పిండి రైలుస్టేషను నుండి సరకుల రవాణా సులువయింది. ఇరవయ్యవ శతాబ్దిలో మట్టి కప్పులను తొలగించి రేకులు వేయడం సాధారణమయింది. పలు ప్రార్థనామందిరాల మీదను కూడా భూర్జపట్ట స్థానంలో రేకు మెరిసింది.

పాతకప్పును పొగడి రేకును నిందించడం సులభం. అది న్యాయం కాదు. మట్టి కప్పు మోయలేనంత బరువు. 1885 మే 30న భూకంపం వచ్చినప్పుడు బరువైన కప్పు కింద పడుకున్నవానికి దాని పూల సొగసు ఏమి పట్టింది? భూర్జపట్ట, దేవదారు కలిసిన చోట నిప్పురవ్వ చాలు: జామా మసీదు 1479లో, 1620లో, 1674లో దగ్ధమయింది; ఖాన్‌ఖా పలుమారులు కాలింది, 2017 నవంబరులో మరల దాని శిఖరానికి నిప్పంటుకున్నది. మట్టిని ఏటేటా సరిచేయవలె. భూర్జవనాలు కూడా తరిగిపోయాయి. ఇల్లంత కప్పుకు పట్ట ఒలిచితే కొండమీద చెట్టు మిగలదు. రేకు తేలిక, చవుక, నిప్పుకు లొంగదు. దానితో వచ్చిన కొత్త బెడద మంచు ఒక్కుమ్మడిగా జారిపడడం. నున్నని రేకుమీదనుండి క్వింటాళ్ల మంచు ఇరుకు సందులో పోయే బాటసారిపై పడుతుంది.

ఆ తరువాత వచ్చినవి వెచ్చని గది, మూసిన అటక. సిమెంటు ఇళ్లు, అద్దాల కిటికీలు, బుఖారీలు, విద్యుత్ హీటర్లు వ్యాపించాయి. అటకలో గడ్డి, కట్టెలు దాచవలసిన అవసరం తీరింది కనుక పిట్టలు దూరకుండా, ఇల్లు చూడ చక్కగా ఉండేలా దాని చివరలను పలకలతో మూసివేశారు. కట్టినవారి తప్పు అనలేము. అటక తెరచి ఉంచడంలోని మర్మం ఎవరూ వ్రాసి పెట్టలేదు. గడ్డి పోయినప్పుడు దానితో పాటు గాలీ పోయింది.

లడాఖ్‌లోను, లాహౌల్‌లోను కథ భిన్నమైనది. అక్కడ కప్పులు చదునైన మట్టికప్పులు. మంచు పడిన ప్రతిసారి చెక్కపారలతో దానిని తోసివేయడం ఇంటిపనిలో భాగం. ఏటా సుమారు వంద మిల్లీమీటర్లే వాన కురిసే లేహ్‌లో ఆ కప్పు చాలేది. 2010 ఆగస్టులో కుంభవృష్టి కురిసిన రాత్రి ఆ నమ్మకం చెదిరి, అక్కడా రేకుల వైపు చూపు మళ్లింది.

మంచుకట్టను గురించి శాస్త్రీయ పరిశీలన ఎక్కువగా జరిగినది అమెరికాలో. ఆ దేశపు సైన్యానికి చెందిన శీతలప్రాంత పరిశోధనశాల న్యూయార్క్ రాష్ట్రంలోని ఫోర్ట్ డ్రమ్ వద్ద సైనిక భవనాలను 1990 దశకంలో పరీక్షించి, బయట మైనస్ 5, 6 డిగ్రీల చలి ఉన్నప్పుడు అటకలో ఉష్ణోగ్రత మైనస్ 1 డిగ్రీని మించకుండా గాలి ఆడేలా చూస్తే చూరున గడ్డకట్టే బాధ చాలవరకు తప్పుతుందని తేల్చింది. చూరు కింద గాలి ప్రవేశించాలి, కొప్పు వద్ద వెలుపలికి పోవాలి. అంతకు ముందు లోకప్పు సందులు పూడ్చి, దానిమీద దూదివంటి పీచును మందంగా పరచాలి. మిన్నెసోటాలో ఇల్లు కొనుక్కున్న మా పినతండ్రి కుమారునికి ఫోనులో నా తలగడ సంగతి చెప్పినప్పుడు వాడు నవ్వి, "అన్నయ్యా, ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం మేము కప్పువేసేవాణ్ణి పిలిచాము. వాడు కప్పు ఎక్కకుండా అటకలో దూరాడు" అన్నాడు. కృష్ణాతీరంలో పెంకుటింట పెరిగినవారికి కప్పు రోగానికి మందు అటకలో ఉంటుందని తోచకపోవడం వింత కాదు.

కట్ట ఏర్పడిన తరువాత తొలగించడం వేరే విద్య. అతిథిగృహంలో ఒక యువకుడు గొడ్డలితో నిచ్చెన ఎక్కబోతే కాపలా పెద్దమనిషి కేకవేసి దించాడు. కిందటి శీతకాలం అట్లే కొట్టగా గడ్డతో పాటు రేకు చీలి, మేకులు లేచిపోయాయట. పైగా జారే కప్పుమీద నిలువడం ప్రాణాంతకం; కింద నిలిచినవానికి మరింత. అప్పుడే పడిన మంచు ఘనపు మీటరు సుమారు నూరు కిలోలే తూగినా, నానిన మంచు మూడు నాలుగు వందలు, గడ్డకట్టినది తొమ్మిది వందలకు పైబడి తూగుతుంది. జానెడు మందం గల కట్ట ఒక చదరపు మీటరు ఊడిపడితే సుమారు ముగ్గురు మనుషుల బరువు. మన దేశంలో కప్పులపై మంచుభారాన్ని లెక్కించే ప్రమాణం, ఐ.ఎస్. 875 నాలుగవ భాగం, 1987లో వెలువడింది. భారాన్ని అది లెక్కిస్తుంది. అటకలో గాలి ఆడుతున్నదో లేదో చూచుకొనవలసినవాడు ఇంటి యజమానే.

కనుక నేలమీద నిలిచే పొడవైన కర్రకు పలక బిగించి, చూరు నుండి పైకి రెండు మూడు బారల మేర మంచును అప్పటికప్పుడు లాగివేయడం మేలు. ఇది కట్ట కట్టకముందు చేయవలసిన పని. కట్టిన పిదప అమెరికాలో ఆవిరియంత్రంతో కరిగిస్తారు. అంత వసతి లేనప్పుడు పలుచని మేజోడులో కాల్షియం క్లోరైడు నింపి, కట్టకు అడ్డంగా పెడితే అది మెల్లగా కరిగించి నీటికి కాలువ తీస్తుంది. లేని తూమును తరువాత తవ్వడమన్నమాట. వంట ఉప్పు వాడితే అంత చలిలో పని తక్కువ. రేకుకు తుప్పు, పెరటి మొక్కలకు చేటు మాత్రం తప్పవు. క్లోరైడునైనా మితంగానే వాడాలి.

ఆ పెద్దమనిషి ఇవేవీ చేయలేదు. ఆ రోజంతా నా గదిలో బుఖారీ ఆర్పించి, నాకొక కాంగిడీ తెచ్చి ఇచ్చాడు. ఫిరన్ లేని నేను దానిని దుప్పటిలో పెట్టుకొనబోతే భయపడి, ఎట్లా పట్టుకొనవలెనో చూపాడు. మధ్యాహ్నం లోపలి మెట్లమీదుగా అటకలోకి వెళ్లి, రెండు చివరలనున్న పలకలలో మూడేసి ఊడదీశాడు. అవి బిగించడానికి శాఖవారు చాలానే ఖర్చు చేసి ఉంటారని నేనంటే, "అవును సాబ్, పావురాలు దూరకుండా" అన్నాడు. రెండవ రాత్రికి గోడమీద ధార సన్నగిల్లింది. మూడవనాటికి ఆగిపోయింది. నేను బయలుదేరిన ఉదయం చూరున శిశర్‌గాంఠ్‌లు కొన్ని అట్లే ఉన్నాయి. తలెత్తి చూస్తే అటక సందులోనుండి ఒక పావురం తొంగి చూస్తున్నది.